జేబులో బోల్టు

పది నిమిషాలు నడిపి ఆపమన్నాడు మౌలాలి మేస్త్రీ.
"సల్లగుంటే నూనె నోరు ఇప్పదప్పా,
కాలితేనే లోపలి సంగతంతా కక్కుతాది."

తాడిపత్రి, కడప రోడ్డు.
బండలు కోసే రంపాలు అన్నానికి ఆగిన వేళ
వేపాకుల మీద కూడా రాతిపొడి.
నా లోడు కట్టేసే ఉంది: నల్లబండలు, పద్దెనిమిది టన్నులు.
పొద్దుగూకక ముందే కదిలితే
తెల్లారేసరికి చిత్తూరు.

గోనెపట్టా పరిచి మేస్త్రీ వెల్లకిలా బండి కిందికి దూరాడు.
బయట మిగిలినవి రెండు కాళ్లు,
ఒక హవాయి చెప్పు. రెండోది ఎక్కడో.
ఇరవై నాలుగు పానా అడిగాడు, ఇచ్చాను.
బోల్టు ఊడిన చప్పుడు వినపడలేదు,
"హా" అన్న మాట వినపడింది,
ఆ వెనకే టబ్బులోకి సలసలా
ఇరవై వేల కిలోమీటర్ల దారి.

నల్లగా ఉంది. సిగ్గుపడ్డాను,
మురికి లుంగీ నలుగురిలో ఉతికినట్టు.
"నలుపు తప్పు గాదు," కింది నుంచే అన్నాడు,
"పనిజేసిన నూనె నల్లగానే ఉంటాది.
ఎన్నాళ్లకీ రంగు మారని నూనెనే నమ్మగూడదు."

ఫిల్టరు మొండికేసింది.
పాత ఫ్యాను బెల్టు ముక్క మెడకు చుట్టి మెలేస్తే
కుయ్యిమని ఒక్క మూలుగు, తిరిగింది.
కొత్తదాని రబ్బరు అంచుకు వేలితో నూనె రాశాడు,
పసిబిడ్డ నాలుకకు ఆముదం రాసినట్టు.
కానీ బిగించలేదు.
పక్కన పెట్టి, పాతదాన్ని రంపంతో కోశాడు.
అది చెత్తే గదా మేస్త్రీ, అన్నా.
పలకలేదు. లోపలి మడతల కాగితాన్ని
పెండ్లిపత్రిక విప్పినంత మెల్లగా విప్పి
ఎండలోకి తిప్పాడు.

తళుకు.
సన్నగా, ఇత్తడి రంగులో,
జాతరలో పిల్లల చెంపలకంటిన చమ్కీ.
అందంగా ఉంది, అబద్ధమెందుకు.
రెండువేళ్ల మధ్య నలిపి నా అరచేతిలో పూశాడు.
"బేరింగు అరిగిపోతాండాది.
ఇంత లోడుతో గువ్వలచెరువు ఘాటెక్కితే
మలుపులోనే పట్టేస్తాది."

నేను లెక్కలు చెప్పాను.
ఫైనాన్సోడి తారీకు ఐదు.
ఫ్యాక్టరీ రత్నమయ్య శెట్టి ఇచ్చిన అడ్వాన్సు,
అది అప్పుడే ఖర్చయిన సంగతి.
చిత్తూరులో ఎవరి ఇంట్లోనో పరుపుబండల కోసం
కూలీలు కాచుకొని కూర్చున్నారని కూడా.
నూనె పోసి మూసెయ్ మేస్త్రీ,
ఈ ఒక్క ట్రిప్పు.

మేస్త్రీ లేచాడు.
రంపపుపొట్టుతో చేతులు రుద్దుకున్నాడు,
సర్ఫుతో కడుక్కున్నాడు.
బోల్టును గుడ్డతో తుడిచి, రాగి వాషరుతో సహా
చొక్కా జేబులో, బీడీకట్ట పక్కన, వేసుకున్నాడు.
మోపెడ్ తన్నాడు.
"గుత్తిలో సూసొస్తా. ఆడ ల్యాకపోతే అనంతపురం."
నా బోల్టు ఇచ్చిపో!
వెనక్కి తిరగలేదు.
జేబు మీద ఒకసారి తట్టుకున్నాడు, అంతే.

ఎంత బోల్టు? నా బొటనవేలంత ఉండదు.
పద్దెనిమిది టన్నుల రాయి, పది చక్రాలు, నా కోపం,
అన్నీ దాని బొక్క దగ్గర ఆగిపోయాయి.
శెట్టికి ఫోను చేశా, ఆయన నన్ను తిట్టాడు.
నేను క్లీనరు పుల్లన్నను తిట్టా.
వాడు టీ తెచ్చాడు, చల్లారినాక తాగా.

రాత్రి బండి కిందే పడుకున్నా,
మేస్త్రీ వీపు నొక్కిన గోనెపట్టా మీద.
ఇంజను అడుగున చుక్క.
చాలాసేపటికి ఇంకో చుక్క.
మధ్యలో నేను ఘాటు మలుపులు లెక్కపెట్టా.
కోవా అంగళ్ల దీపాలు కనపడేదాకా
ఏటా నేను ఊపిరి బిగబట్టే ఆ దారిలో
ఈ రాత్రి నా బండి లేదు.
సెల్లు వెలుతురులో అరచెయ్యి చూసుకున్నా.
సబ్బుకు పోని తళుకు
గీతల్లో ఇంకా ఉంది.

కోడికూతకు ముందు మోపెడ్ చప్పుడు.
పేపర్లో చుట్టిన బేరింగులు, ఎర్రబడ్డ కళ్లు.
"పదమూడు పానా ఇయ్యి, సంపు దించల్ల."
ఇచ్చాను.
వంగినప్పుడు జేబులో బోల్టు బీడీకట్టను తాకి
చిన్నగా కదిలింది.
అడగలేదు.